కట్టెల మోత

మా తాతయ్య కట్టె ఎండిందో లేదో చూసి చెప్పేవారు కాదు, విని చెప్పేవారు. చెరొక చేత్తో ఒక్కో పేడు తీసుకుని, పిడికిలి బిగించకుండా వేళ్ళ కొసలతో వదులుగా పట్టుకుని, నా చెవి పక్కన ఒకదానికొకటి తాటించేవారు. "విన్నావా తల్లీ?" అనేవారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. విన్నాను గాని, అందులో వినవలసింది ఏమిటో అంతుపట్టలేదు. అప్పుడు రెండో కుప్పలోంచి ఇంకో జత తీసి తాటించారు. మొదటి జత కంగుమంది. రెండోది, తడిబట్టను బండకేసి కొట్టినట్టు, దబ్బుమని ఊరుకుంది.

"కంగుమన్నది పొయ్యికి, దబ్బుమన్నది ఎండకు" అన్నారు. పాఠం అంతే.

ఆ మోత వెనక ఉన్న లెక్క నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడే కొట్టిన చెట్టు బరువులో దాదాపు సగం నీళ్ళే. జాతిని బట్టి కొంచెం ఎక్కువా తక్కువా ఉంటుంది. పొయ్యిలోకి వెళ్ళేనాటికి ఆ తేమ 20 శాతం కంటే కిందికి దిగాలి. లేకపోతే మంట ముందు కట్టెలో ఉన్న నీటిని మరిగించి, ఆవిరి చేసి, ఆ తర్వాత మిగిలిన వేడినే మనకు ఇస్తుంది. నానమ్మ ఇదే మాట ఇంకా ముక్కుసూటిగా అనేది. ఎవరైనా పచ్చికట్టె పొయ్యిలో పెడితే, "కుండలో నీళ్ళు కాస్తున్నావా, కట్టెలో నీళ్ళు కాస్తున్నావా?" అని అడిగేది. కట్టె చివర నురగ కక్కుతూ సుయ్యిమంటుంటే, వంటింట్లో పొగకు కళ్ళు తుడుచుకుంటూ సమాధానం చెప్పడం కష్టం.

కట్టెలు పేర్చడం పిల్లల పని. పెద్దవాళ్ళకు తీరిక లేక మాకు అప్పజెప్పారని అనుకునేదాన్ని. నిజానికి ఆ పనిని తాతయ్య ఎంత పట్టించుకునేవారో తర్వాత అర్థమైంది. ముందు నేల మీద రెండు పొడవాటి వాసాలు, మధ్య మూరెడు ఎడం వదిలి వేసేవారు. వాటి మీద పేర్పు. కట్టె ఏదీ మట్టిని తాకకూడదు. కింద జానెడు ఎత్తున గాలి ఆడాలి. పేర్పు రెండు చివర్లా కట్టెలను నిలువూ అడ్డమూ వరసలు మార్చి పేరిస్తే అవే స్తంభాలవుతాయి, మధ్యలోవి జారిపోవు. ఇంటిగోడకు మాత్రం ఆనించకూడదు. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చెదలు వచ్చాక తెలిసింది, ఆ సంగతి తర్వాత.

ఒక వానాకాలం ముందు నేను అతితెలివికి పోయాను. పేర్పు తడుస్తుందని జాలిపడి, పెద్ద టార్పాలిన్ తెచ్చి, పసిబిడ్డకు దుప్పటి చుట్టినట్టు పైనుంచి నేలదాకా నాలుగువైపులా కప్పి, అంచుల మీద రాళ్ళు పెట్టాను. తాతయ్య చూసి ఏమీ అనలేదు. ఆయన పద్ధతే అంత, చెడిపోతే పోయేది కట్టెలే అయినప్పుడు మాట్లాడేవారు కాదు. వానలు వెలిశాక టార్పాలిన్ తీస్తే లోపలినుంచి బూజు వాసన గుప్పుమంది. బెరడు మీద పుట్టగొడుగులు, తెల్లని బూజుపొరలు. అప్పుడు అన్నారు: "తల మీద గొడుగు పట్టమన్నాను గాని, మూటగట్టమన్నానా తల్లీ?" పైన మాత్రమే కప్పాలి, పక్కలు వదిలేయాలి. పక్కవాటున పడ్డ వానజల్లు ఒక గాలికి ఆరిపోతుంది. లోపల ఆవిరై బయటికి పోలేని తేమే కట్టెను కుళ్ళబెడుతుంది.

చీల్చకుండా ఎండబెట్టడం కూడా దండగే. బెరడు చెట్టుకు వానకోటు లాంటిది, బయటి నీటిని రానివ్వదు, లోపలి నీటిని పోనివ్వదు. తేమ ఎక్కువగా కోసిన చివరలనుంచి, చీల్చిన ముఖాలనుంచే పోతుంది. తొడంత లావు దుంగను అలాగే వదిలేస్తే రెండేళ్ళైనా మధ్యలో పచ్చిగానే ఉంటుంది. దాన్నే నాలుగుగా చీల్చి ఎండా గాలీ తగిలేచోట పెడితే, తేలిక జాతి కట్టె ఆరునెలల్లో దారికొస్తుంది. తుమ్మలాంటి చేవగల కట్టెకు ఏడాదీ, ఒక్కోసారి రెండేళ్ళూ పడుతుంది. చివర్లలో నడిమధ్యనుంచి అంచుకు నెర్రెలు పారితే, బెరడు దానంతటదే ఊడివస్తుంటే, చేతికి ఊహించినదానికంటే తేలిగ్గా తగిలితే, అది ఎండుతోందన్నమాట. తాతయ్య ఇవన్నీ చూసి, అప్పటికీ నమ్మకుండా తాటించి వినేవారు.

ఆ మాట వినకపోవడానికి మూల్యం నాకు పదిహేడేళ్ళప్పుడు తెలిసింది. ఆ చలికాలం ఎండుకట్టెలు నిండుకున్నాయి. ఎవరూ చూడకుండా పచ్చిపేళ్ళే వారాల తరబడి గదిని వెచ్చబరిచే పొయ్యిలో వేశాను. పచ్చికట్టె పొగలో ఉండే తారులాంటి జిగురు చల్లని పొగగొట్టం లోపల పేరుకుంటుంది, ఎండి నల్లని గాజుపెంకులా గట్టిపడుతుంది. ఒకరాత్రి దానికి నిప్పంటుకుంది. నేను ముందు చూడలేదు, విన్నాను. ఇంటి మీదుగా రైలు పోతున్నట్టు గొట్టంలో హోరు. బాబాయి పరుగున వచ్చి పొయ్యి తలుపు మూసి, గాలివచ్చే కంత బిగించి, అందర్నీ బయటికి తరిమాడు. నేను బకెట్టుతో నీళ్ళు పట్టుకొస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. కాలే గొట్టంలో నీళ్ళు పోస్తే గొట్టం పగులుతుంది, ఆవిరి ముఖానికి కొడుతుంది. గాలి అందక ఆ హోరు కాసేపటికి అణిగింది. ఆ తర్వాత ఏటా చలికి ముందు గొట్టం గీకి శుభ్రం చేసే పని నాదైంది. ఎవరూ శిక్ష అనలేదు, నేనూ అడగలేదు.

గొడ్డలి గురించి ఎక్కువ చెప్పను. దాని గురించి అందరూ చెబుతారు, చెప్పేవాళ్ళలో సగంమంది పదును పెట్టరు. తాతయ్య దగ్గర రెండు ఉండేవి. పలచని వాదర ఉన్నది చెట్టు కొట్టడానికి. బండగా, ఆప్యాయత లేని ముఖంతో మూడు కిలోల పైచిలుకు బరువున్నది దుంగలు చీల్చడానికి. చీల్చేదానికి అంత పదును అక్కర్లేదు, దాని పని కోయడం కాదు, విడదీయడం. దుంగను మోకాలి ఎత్తు మొద్దు మీద నిలబెట్టి, నెర్రె ఎటు పారి ఉందో చూసి ఆ గీత మీదే వెయ్యాలి. ముడులుపడ్డ దుంగను నడిమధ్య కొట్టి లాభంలేదు, అంచులనుంచి పెళ్ళలు పెళ్ళలుగా లేపుకురావాలి. మొద్దు మీద పాత టైరు పెట్టి అందులో దుంగను నిలబెడితే చీలిన ముక్కలు ఎగిరి పాదాల మీద పడవు, వంగి ఏరుకునే పనీ తప్పుతుంది. ఈ ఉపాయం బాబాయిది. తాతయ్య దాన్ని చూసి నవ్వి, మర్నాటినుంచి ఆయనా టైరులోనే కొట్టారు.

కామ, అంటే చేతిపిడి, వదులైందని ఒకసారి నేను గొడ్డలిని రాత్రంతా నీళ్ళతొట్టిలో ముంచాను. పొద్దున బిగిసింది. మురిసిపోయాను. తాతయ్య దాన్ని చూసి పక్కన పెట్టేశారు. నీటికి ఉబ్బిన కామ ఎండాక ముందుకంటే సన్నబడుతుందట. మూడోరోజు చూస్తే నిజంగానే తల ఊగుతోంది. పైకెత్తిన గొడ్డలి తల ఊడి వెనక్కి ఎగిరితే ఎవరికి తగులుతుందో చెప్పలేం. వదులైన కామకు పైన కొత్త చెక్కచీల దిగ్గొట్టాలి, అవిసెనూనె పట్టించాలి. పదునుకు ఆకురాయే మేలనేవారు. కరెంటు సానకు పెడితే అంచు నీలిరంగు తిరుగుతుంది. ఆ నీలం కనిపించిందంటే అక్కడ ఉక్కు పాకం చెడిందనే, ఇక పదును నిలవదు. నాన్న ఒకసారి ఆ పని చేసి, ఆ నీలిమచ్చ కనబడకుండా గొడ్డలిని గోడవైపు తిప్పి పెట్టిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఆయనకు తప్ప.

నాకు బాగా గుర్తున్నది ఇద్దరు లాగే పెద్ద రంపం. నా కంటే పొడవు. అటు తాతయ్య, ఇటు బాబాయి కూర్చుంటే ఇంకెవరూ మాట్లాడేవారు కాదు, రంపం మాట్లాడేది. సుర్రు... సుర్రు... ఊయల ఊగినంత లయగా. పన్నెండో ఏట నన్ను బాబాయి చోట కూర్చోబెట్టారు. "లాగు. తొయ్యకు" అన్నారు తాతయ్య. నేను లాగాను, ఆయన లాగేటప్పుడు ఉత్సాహంకొద్దీ తోశాను కూడా. రంపం వంకర తిరిగి గుయ్యిమంది. "నీ వంతు లాగడం. నా వంతులో నువ్వు ఊరికే వెంట రా. రంపం ఎటో నీకు చెయ్యి చెప్పనక్కర్లేదు, చెవి చెబుతుంది." గంటసేపటికి ఆ లయ దొరికింది. భుజాలు నొప్పి పుట్టాయి గాని, ఆ గంటలో నేను తాతయ్యతో మాట్లాడినంత ఇంకెప్పుడూ మాట్లాడలేదు. ఒక్కమాట లేకుండానే.

రంపపు పళ్ళు ఒకటి కుడికి, ఒకటి ఎడమకు కాస్త వంచి ఉంటాయి. అందువల్ల కోత రంపపు రేకు కంటే వెడల్పుగా పడి, రేకు ఇరుక్కోకుండా ఆడుతుంది. పదునున్న రంపం కింద పొట్టు పీచుపీచుగా రాలుతుంది. పిండి రాలుతుంటే పళ్ళు మొద్దుబారాయని అర్థం. ఇక దుంగ కోతకు ముందు తాతయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవారు. రెండు చివర్లా ఆనుకుని మధ్యలో గాలిలో ఉన్న దుంగను పైనుంచే కోసుకుంటూ పోతే, అది కుంగి కోతను నొక్కేస్తుంది, రంపం బంధీ అవుతుంది. పైనుంచి మూడోవంతు కోసి, మిగతాది కిందినుంచి రావాలి. ఒక చివర మాత్రమే ఆనుకుని రెండోది వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది: ముందు కింద, తర్వాత పైన. ఎటు నలుగుతోంది, ఎటు సాగుతోంది అని చూడకుండా ఇప్పటికీ నేను రంపం ఆన్చను.

తర్వాత బాబాయి మోటారు రంపం తెచ్చాడు.

మొదటిరోజు ఊపిరి బిగబట్టి చూశాం. మేము సగంపూట లాగే దుంగను అది నిమిషాల్లో ముక్కలు చేసింది. తాతయ్య చెవులు మూసుకుని గట్టు మీద కూర్చున్నారు. మోత ఆగాక అడిగిన మొదటి ప్రశ్న: "పదును పోయిందని దీనికెలా తెలుస్తుందిరా?" బాబాయి దగ్గర సమాధానం లేదు. అదే ప్రశ్నకు సమాధానం రంపం కిందే రాలుతోంది. దాని పళ్ళ గొలుసు పదునుగా ఉంటే చిన్నచిన్న చెక్కపెచ్చులు రాలతాయి, మొద్దుబారితే పిండి రాలుతుంది. పాత రంపం చెప్పినదే ఇదీ చెప్పింది. చెవితో కాదు, కంటితో చదువుకోవాలి, అంతే తేడా.

ఆ గొలుసు పంటి కథ నాకు ఎంతో ఇష్టం. మొదట్లో మోటారు రంపాల గొలుసులకు చేతిరంపం పళ్ళనే పెట్టేవారు, అవి ఊరికే మొద్దుబారేవి. 1946లో అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో జోసెఫ్ కాక్స్ అనే చెట్లు కొట్టే పనివాడు, ఒక మొద్దులో కలపను తొలుస్తున్న పురుగు పిల్లను చూశాడు. అది నిలువుకోతా అడ్డకోతా అని చూడకుండా, రెండు దవడలనూ అటూ ఇటూ ఆడిస్తూ ఎటు కావాలంటే అటు తినుకుంటూ పోతోంది. ఆ దవడల ఆకారంలో ఎడమకూ కుడికీ మార్చి మార్చి వంపుతిరిగిన పళ్ళతో గొలుసు చేశాడు. 1947 నాటికి అమ్మకానికి పెట్టాడు. ఈనాటి గొలుసులు చాలావరకు ఆ పురుగు చలవే. మన పేర్పులో కట్టెలను పిండిచేసే పురుగుల జాతికి మనం ఇంత రుణపడి ఉన్నామని తెలిశాక, వాటిని తిట్టేటప్పుడు కొంచెం మొహమాటపడుతుంటాను.

బాబాయి జాగ్రత్తపరుడే. పెట్రోలులో నూనె కలపడం ఆయనకు పూజలాంటిది: 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, కొలగ్లాసులో కంటిమట్టానికి ఎత్తి చూసి పోసేవాడు. నూనె లేని పెట్రోలు పోస్తే ఆ ఇంజను కొద్దిసేపట్లోనే బిగుసుకుపోతుంది. గొలుసు తిరిగే పట్టీ కొసలో పైభాగం దేనికీ తగలకూడదని పదేపదే చెప్పేవాడు. అక్కడ తగిలిందంటే రంపం రెప్పపాటులో పైకి, మనిషి ముఖం మీదికి తన్నుకొస్తుంది. అందుకే ఎడమచేతి ముందు కాపు ఉంటుంది, చెయ్యి దానికి తగలగానే గొలుసు ఆగుతుంది. ఎడమ బొటనవేలు పిడి కిందినుంచి చుట్టి పట్టుకోవాలి, పైన పెట్టకూడదు. భుజం ఎత్తుకు మించి రంపం ఎత్తకూడదు, నిచ్చెన మీద అసలే వద్దు. ఇవన్నీ పాటించాడు. ఒక్క చెవుల సంగతే మరిచాడు.

85 డెసిబెల్ మోతలో మనిషి చెవి రోజుకు ఎనిమిది గంటలు నిలుస్తుందని లెక్క. ప్రతి 3 డెసిబెల్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే. మోటారు రంపం 100 దాటే మోగుతుంది. బాబాయి ఇరవై ఏళ్ళపాటు చెవులకు ఏమీ పెట్టుకోకుండా కోశాడు. ముందు ఆయనకు పిట్టల కూతలు పోయాయి, ఆ తర్వాత పిల్లల మాటలు. ఇంట్లో అందరం గొంతు పెంచాం. ఎందుకు పెంచుతున్నామో ఒకరికొకరం చెప్పుకోలేదు.

చెట్టు కూల్చేటప్పుడు తాతయ్య చెట్టును వినేవారు. పడబోయే ముందు లోపల పీచులు తెగే చిటపటలు వస్తాయి. చెవులకు కాపు పెట్టుకుంటే అవి వినపడవు. అందుకే నేను నేర్చుకున్నది వేరు. పడవలసిన వైపు ముందుగా మొదలు మందంలో ఐదోవంతు లోతున నోరు తెరిచినట్టు కోత. వెనకనుంచి రెండో కోత. రెండింటి మధ్య మొదలు మందంలో పదోవంతు కలపను వదిలేయాలి. అదే మడతబందు, చెట్టు తలుపులా దానిమీదే వాలుతుంది. దాన్ని కూడా కోసేస్తే చెట్టు ఎటు పడుతుందో చెట్టుకే తెలియదు. కోయకముందే, వెనకకు ఏటవాలుగా పారిపోయే దారిని శుభ్రం చేసుకోవాలి. కోసేటప్పుడు ఒక కన్ను కోత తెరుచుకోవడం మీద, ఒక కన్ను చెట్టు కొసమీద. పైన విరిగి చిక్కుకున్న ఎండుకొమ్మ ఉందేమో ముందే చూడాలి, అది పడేటప్పుడు ఏ చప్పుడూ చేయదు. పెద్దచెట్టు, వంగినచెట్టు, ఇంకోచెట్టుకు చిక్కుకున్న చెట్టు అయితే నేను ముట్టుకోను. రోజూ అదే పని చేసేవాళ్ళను పిలుస్తాను. దీనికి సిగ్గుపడే వయసు దాటాను.

పేర్పు దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అక్కడ మాకంటే ముందు కాపురం పెట్టేవాళ్ళు చాలామంది. కట్టె తీసేముందు తాతయ్య కర్రతో పేర్పును రెండుసార్లు తట్టి, ఆగి, వినేవారు. పాము, తేలు, జెర్రి దేనికైనా తొలగిపోయే అవకాశం ఇవ్వడమన్నమాట. చెయ్యి కనబడని సందులో చెయ్యి పెట్టకూడదు. చీకట్లో కట్టెలు తేకూడదు, వెలుగుండగానే తెచ్చుకోవాలి. అదీ ఆ రోజుకు సరిపడేంతే. ఇంట్లో వారం నిల్వ పెడితే వెచ్చదనానికి పురుగులు నిద్రలేచి గదిలోకి నడుస్తాయి.

చెదలను మొదటిసారి నేను విన్నాను అంటే ఎవరూ నమ్మరు. ఒక ఏడు నేనే, వాన తగలదని, రెండు వరసలు ఇంటిగోడకు ఆనించి పేర్చాను. కొన్నాళ్ళకు అడుగుకట్టెను తన్నితే లోపల ఇసుక రాలినట్టు సన్నని గరగర. తాతయ్య చెవి ఆనించమన్నారు. చెదల్లో కాపలా కాసేవి ప్రమాదం వస్తే తలను గూడుకేసి కొట్టి మిగతావాటికి కబురు చేస్తాయి, ఆ చప్పుడది. గోడ వెంట పెన్సిలంత లావున మట్టిగొట్టాలు పైకి పాకి, కిటికీ చట్రం దాకా వచ్చేశాయి. వాటికి వెలుతురూ పొడిగాలీ గిట్టవు, అందుకే మట్టితో దారి కప్పుకుంటాయి. కట్టె నేలను తాకితే వాటికి మెట్లు కట్టిచ్చినట్టే. గోడకు ఆనిస్తే ఇంటి తలుపు చూపించినట్టే. ఆ రెండు వరసలూ తీసి ఎండలో విడివిడిగా పరిచాం. కిటికీ చట్రం మార్చాం. కట్టెల మీద పురుగుమందు చల్లుదామని నాన్న అంటే నానమ్మ ఒప్పుకోలేదు. రేపు దాన్ని కాల్చి ఆ పొగ పీల్చేది మనమే కదా అంది. రంగు వేసిన చెక్క, మందు పట్టించిన కలప పొయ్యిలో పెట్టవద్దన్నదీ ఆమే. గన్నేరు కట్టె అయితే వాకిట్లోకే రానిచ్చేది కాదు, ఆ చెట్టు నిలువెల్లా విషం.

ఎలుకల సంగతి పూర్తిగా నానమ్మ పరిధి. అటకమీద రాత్రి గరగర వినబడితే మేము బోను పరుగున తెచ్చి ఎర పెట్టి బిగించేవాళ్ళం. వారం గడిచినా ఏదీ పడేది కాదు. నానమ్మ తొందరపడేది కాదు. సాయంత్రం పొయ్యిలోని చల్లారిన బూడిద జల్లెడపట్టి గోడల వెంట పలచగా చల్లేది. చల్లారిన అంటే నిజంగా చల్లారిన. బూడిదలో దాక్కున్న నిప్పు రెండు మూడు రోజులైనా బతికే ఉంటుందని, మూతున్న ఇనుపడబ్బాలో బయట పెట్టి ఉంచిన పాతబూడిదే వాడేది. పొద్దున లాంతరు వెలుగులో, బూడిద మీద అడుగుల వరస చూపించేది. ఎలుక ఎప్పుడూ గది మధ్యలో నడవదు. గోడను మీసాలతో తాకుతూ రోజూ ఒకే దారిన పోతుంది. ఆ దారిలో గోడ మీద నూనెమరక పడుతుంది. బోను పెట్టవలసింది అక్కడ, గోడకు అడ్డంగా, ఎరవైపు గోడకు ఆనించి.

పెట్టినా, మూడు రాత్రులు బిగించకుండా ఉత్త ఎర పెట్టేది. "కొత్త వస్తువంటే దానికి అనుమానం. ముందు చుట్టరికం కలుపుకోవాలి" అనేది. నాలుగోరాత్రి బిగిస్తే ఒక్కసారే మూడు బోనుల్లో మూడు. ఆ తర్వాత కంతలు మూసే పని. పెన్సిలు దూరే కంతలో చిట్టెలుక దూరుతుంది, వేలి లావు కంతలో ఎలుక దూరుతుంది. వాటి ముందుపళ్ళు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోక తప్పదు కాబట్టి చెక్కా గుడ్డా ఆపలేవు. ఇనుపజాలీ కుక్కి పైన సిమెంటు పూయాలి. గింజలు మూతబిగిసే డబ్బాల్లో ఉంచాలి. కంతా తిండీ ఉన్నంతకాలం పదింటిని పట్టినా పదకొండోది వస్తూనే ఉంటుంది. మూడువారాల్లో ఈనే జీవితో పోటీపడి గెలవలేం.

మందు కూడా వాడాం, దాచడమెందుకు. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు, చచ్చిన పెయ్యనూ గడ్డకట్టని నెత్తురు నిండిన పాలక్యానునూ తీసుకుని విశ్వవిద్యాలయం ప్రయోగశాలకు వచ్చాడట. బూజుపట్టిన గడ్డి మేసి పశువులు లోలోపల నెత్తురు కారి చస్తున్నాయి. కార్ల్ లింక్ బృందం ఆ గడ్డిలోని విషాన్ని విడదీసింది, దాని దారిలోనే 1948లో వార్ఫరిన్ ఎలుకలమందుగా వచ్చింది. తర్వాత వచ్చిన మందులు ఇంకా ఘాటువి, ఎలుక ఒంట్లో చాలాకాలం నిలుస్తాయి. తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్నిరోజులు మందకొడిగా బయట తిరుగుతుంది. అలాంటివాటిని సులువుగా పట్టేది గుడ్లగూబ.

మా కట్టెలపాక దూలం మీద ఒక జత ఉండేది. తెల్లని ముఖం, రెండు చెవులూ సరిసమానంగా ఉండని పక్షి, ఒకటి ఎగువకు, ఒకటి దిగువకు. ఆ తేడాతోనే చప్పుడు ఎంత ఎత్తునుంచి వచ్చిందో కనిపెట్టి, కటికచీకట్లో కూడా ఎలుకమీద సరిగ్గా వాలుతుంది. మా ఇంట్లో అందరికంటే మంచి చెవి దానిదే అనేవారు తాతయ్య. మందు పెట్టిన ఏడు వాటిలో ఒకటి పాక ముందు చచ్చి పడి ఉంది. మందువల్లే అని ఎవరూ పరీక్ష చేయించలేదు. నానమ్మ మిగిలిన పొట్లాలన్నీ ఏరి మూటగట్టి అటకెక్కించింది, తాళం వేసింది. పాక కప్పు బాగుచేసినప్పుడు గూబలు దూరే కిటికీని మూయనివ్వలేదు. రెండేళ్ళకు ఇంకో జత వచ్చింది.

ఇప్పుడు కట్టెలు నేనే కొనుక్కుంటాను, నేనే చీలుస్తాను. దూరంనుంచి వచ్చిన కట్టెలు తీసుకోను. కట్టెతో పాటు పురుగు ప్రయాణం చేస్తుంది. ఆసియానుంచి అమెరికా చేరిన ఒక పచ్చని చిన్నపురుగును 2002లో డెట్రాయిట్ దగ్గర కనిపెట్టారు. ఆ తర్వాత అది కోట్లకొద్దీ చెట్లను చంపింది. అది దూరాలకు పాకడంలో వంటచెరకు మోసుకెళ్ళిన బండ్లకూ వాటా ఉంది. చెవులకు కాపు లేకుండా రంపం ముట్టుకోను. తేమ కొలిచే చిన్న మీటరు కూడా ఉంది. రెండు ముళ్ళు కట్టెలో గుచ్చితే అంకె చూపిస్తుంది. పైముఖంలో గుచ్చితే అబద్ధం చెబుతుంది, పేడును అప్పటికప్పుడు చీల్చి లోపలి ముఖంలో గుచ్చాలి.

మొన్న బాబాయి వచ్చాడు. పేర్పు దగ్గర మీటరుతో కుస్తీ పడుతున్న నన్ను కాసేపు చూశాడు. ఏమీ అనకుండా రెండు పేళ్ళు తీసుకున్నాడు. వేళ్ళ కొసలతో, వదులుగా. ఒకదానికొకటి తాటించాడు. ఆయనకు ఆ మోత వినపడే అవకాశం లేదని నాకు తెలుసు. కళ్ళు మూసుకుని మళ్ళీ తాటించాడు. ఆ అదురు చేతివేళ్ళలోంచి మణికట్టుకు పోయేదాకా ఆగాడు.

"ఇంకో నెల" అన్నాడు, చెవిటివాళ్ళు మాట్లాడినంత గట్టిగా.

ఆయన పట్టుకున్న పేడునే చీల్చి మీటరు గుచ్చాను. 23 చూపించింది.